మన్యం జ్వరం మిగిల్చిన బాకీ

గిడుగు రామమూర్తి పంతులుగారికి వినికిడి ఎలా పోయిందో మనలో చాలామందికి తెలిసిన సంగతే. పర్లాకిమిడిలో పనిచేసే రోజుల్లో సవర భాష నేర్చుకోవాలని ఆయన కొండల మీది గూడేలకు తిరిగేవారు. ఆ తిరుగుళ్ళలోనే మలేరియా పట్టుకుంది. దానికి మందుగా వాడిన క్వినైన్ చెవులను దెబ్బతీసింది. ఒక భాషను చెవితో విని, పలుకు పలుకూ పట్టి రాసుకున్న మనిషికి వినికిడే లేకుండా పోయింది. అయినా పట్టు విడవలేదు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం అచ్చయింది.

ఆగస్టు 29 వచ్చినప్పుడల్లా ఈ కథను గుర్తుచేసుకుంటాం. చేసుకోవలసిందే. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత సంగతులు చదివేటప్పుడు నన్ను వెంటాడే ప్రశ్న ఇంకొకటి ఉంది. పంతులుగారు ఆ కొండలెక్కి దిగివచ్చిన మనిషి. దిగిపోవడానికి వేరే ఊరంటూ లేనివారు, ఆ జ్వరాల మధ్యే తరతరాలుగా పుట్టి పెరిగినవారు, మలేరియాకు ఏమి చెల్లించారు?

ఆ చెల్లింపు ఇంకా పూర్తికాలేదు. ఆ బాకీ పేరు సికిల్ సెల్ జబ్బు. తెలుగులో కొడవలి కణాల రక్తహీనత అంటున్నారు. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బు ఇక్కడికెలా వచ్చింది, ఇది ఉన్న ఇంటికి నిజంగా అయ్యే ఖర్చేమిటి అన్నవే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నవి.

మన్యం జ్వరం అన్నది మా ఉత్తరాంధ్రలో ఒకప్పుడు భయంతో పలికిన మాట. శ్రీకాకుళం 1950లోనూ, విజయనగరం 1979లోనూ వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇదంతా ఉమ్మడి విశాఖపట్నం జిల్లా. దాని ఏజెన్సీలో ఉద్యోగమంటే తెల్లదొరలూ, మైదానపు గుమాస్తాలూ ఒకేలాగ జంకేవారు. ఆ జ్వరానికి దోమ కారణమన్న రహస్యం బయటపడింది కూడా మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కానీ ఆ పరాన్నజీవి మనిషి రక్తంలో వదిలిన గుర్తును కనిపెట్టడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది.

1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ అనే వైద్యుడు, గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను చూసి, ఆ వివరం ప్రచురించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఇది హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్న లోపమని నిరూపించింది. 1950ల నడుమ వెర్నన్ ఇంగ్రామ్ ఆ లోపం ఎంత చిన్నదో చూపించాడు. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరో స్థానంలో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలీన్ ఉంది. తేడా అంతే. ఆ ఒక్క తేడాతో, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం గుండ్రదనం కోల్పోయి కొడవలిలా వంకరపోతుంది, గట్టిపడుతుంది, సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న చోటల్లా నొప్పి.

మరి ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచింది? హానికరమైనది క్రమంగా అంతరించిపోవాలి కదా? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. తలసేమియా జన్యువు మలేరియా ఉన్నచోట్ల ఒక రక్షణగా పనిచేస్తూ ఉండవచ్చునని ఆయన 1949లో ఊహించాడు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి, కొడవలి జన్యువు విషయంలో ఆ ఊహ నిజమేనని చూపించాడు. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే ఆ జన్యువు పొందిన బిడ్డ మామూలుగానే ఉంటుంది, పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి ఆ బిడ్డకు కొంత రక్షణ. ఇద్దరి నుంచీ పొందిన బిడ్డకు మాత్రం జబ్బు. వాహకులైన దంపతులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ ప్రమాదం నాలుగింట ఒక వంతు. అంటే, గూడెంలో కొందరు పిల్లలను జ్వరం నుంచి కాపాడిన జన్యువే మరికొందరు పిల్లలను బలి తీసుకుంటూ వచ్చింది.

హాల్డేన్‌కూ మనకూ ఉన్న చుట్టరికం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1957లో ఆయన ఇంగ్లండు విడిచి మన దేశానికి వచ్చేశాడు, తర్వాత పౌరసత్వం తీసుకున్నాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆయన శిష్యులు. ఆంధ్రదేశంలో మేనరికాల మీద తొలి జన్యుశాస్త్ర పరిశోధనలు చేసినవారిలో వారొకరు. 1964 డిసెంబరులో భువనేశ్వరంలో హాల్డేన్ కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మన్యం రక్తంలో ఉన్న చిక్కుముడికి కొస చూపించిన మనిషి చివరకు తెలుగు విద్యార్థులకు పాఠమయ్యాడు.

భారతదేశంలో ఈ జన్యువు ఉన్నదని లోకానికి తెలిసింది 1952లో. లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి కొండల తెగలలో కనుగొన్నారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీలలోనూ కనబడింది. ఆ తర్వాత మధ్య భారతం, ఒడిశా, మన ఏజెన్సీ, ఇలా మలేరియా రాజ్యమేలిన అడవులన్నిటా దాని జాడ దొరుకుతూ వచ్చింది. సవర, జాతాపు, గదబ, కొండదొర తెగలు నివసించే సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, పార్వతీపురం ప్రాంతం ఆ పటంలో భాగమే. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇందులో ఎక్కువ భాగం పార్వతీపురం మన్యం జిల్లా అయింది.

ఇక్కడొక అపోహ తొలగించాలి. దీన్ని గిరిజనుల జబ్బు అని పక్కన పెట్టేసేవారు కొందరున్నారు. అమెరికాలో నల్లవారి జబ్బు అన్నట్టే ఇదీను. ఏ కులమైనా తనలో తాను పెళ్ళిళ్ళు చేసుకుంటూ వందల ఏళ్ళు గడిపితే, దానికంటూ ఒక జన్యు వారసత్వం పోగుపడుతుంది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో ఉదాహరణగా నిలిచినవారు మన ఆంధ్ర వైశ్యులే. వారిలో కొందరికి ఒక ఎంజైము లోపం వల్ల, శస్త్రచికిత్సకు ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు ప్రమాదమవుతుంది. మత్తు దిగే వేళకు ఊపిరి తిరిగి అందదు. విజయనగరం బజారులోని షావుకారుకూ, సీతంపేట కొండ మీది సవర రైతుకూ చరిత్ర చెరొక బాకీ పత్రం రాసి ఉంచింది. తేడా ఏమిటంటే, షావుకారుది ఆసుపత్రిలో మత్తు డాక్టరుకు ఒక్క మాట ముందుగా చెబితే తీరిపోయే బాకీ. రైతుది ప్రతి నెలా వడ్డీ కట్టవలసినది.

ఇప్పుడు ఆ వడ్డీ లెక్క చూద్దాం.

అరుదైన జన్యువ్యాధులు అనగానే మనకు పత్రికల్లో కనిపించేది కోట్ల లెక్క. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పసివాళ్ళకు ఇచ్చే ఒక జన్యుచికిత్స ఖరీదు దాదాపు 16 కోట్ల రూపాయలు. 2021లో హైదరాబాదులో ఒక బిడ్డ కోసం ఊరూ పేరూ తెలియని వేలమంది చందాలు వేసి ఆ మొత్తం కూడబెట్టారు. 2022లో కోనసీమకు చెందిన ఒక చిన్నారికి గాషే వ్యాధి చికిత్స కోసం రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం మొదట 20 లక్షలు, 2022 నుంచి 50 లక్షల వరకు సాయం అంటోంది. కొడవలి జబ్బుకు కూడా అటువంటి మందు వచ్చింది. 2023 చివరలో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యుచికిత్సకు అమెరికాలో పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. మన లెక్కలో పద్ధెనిమిది కోట్లు పైమాటే.

ఈ అంకెలు నిజమే, ఆ తల్లిదండ్రుల ఆక్రోశమూ నిజమే. కానీ మన్యంలో ఇంటిని కుంగదీసే ఖర్చు ఈ అంకెల్లో కనిపించదు. ఈ జబ్బుతో బతికేవారికి రోజూ పనికివచ్చే మందు హైడ్రాక్సీయూరియా. అది నొప్పి దాడులను తగ్గిస్తుందని 1995లోనే రుజువైంది. క్యాప్సూలుగా దొరుకుతుంది, ఖరీదైన మందేమీ కాదు. పసిపిల్లలకు పెన్సిలిన్ క్రమంగా ఇస్తే ప్రాణాంతకమైన అంటురోగాలు తగ్గుతాయని 1986 నాటికే తెలుసు. మందు చవక. మరి ఇల్లు ఎందుకు గుల్లవుతోంది?

ఒక నొప్పి దాడిని ఊహించండి. వాన రాత్రి పదేళ్ళ పిల్లకు కీళ్ళూ నడుమూ పట్టేస్తాయి, కళ్ళు పచ్చబడతాయి, జ్వరం కాస్తుంది. గూడేనికి రోడ్డు లేకపోతే డోలీ కట్టాలి. డోలీ మోసే నలుగురికీ మర్నాటి కూలి పోయినట్టే. రోడ్డు మీదికి వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడి నుంచి పార్వతీపురమో పాలకొండో, అక్కడా కాకపోతే శ్రీకాకుళం, విజయనగరం, చివరకు విశాఖపట్నం కె.జి.హెచ్. పార్వతీపురం నుంచి విశాఖకు దాదాపు నూట యాభై కిలోమీటర్ల దూరం. వార్డులో మంచం ఉచితం. కానీ మంచం పక్కన కూర్చున్న తల్లికి కూలి లేదు. రక్తం ఎక్కించవలసి వస్తే దాత కావాలి. దాతగా వచ్చిన చిన్నాన్నకు బస్సు చార్జీలు, పూట భోజనం. ఇంటి దగ్గర ఉన్న చిన్నపిల్లలను చూడటానికి అమ్మమ్మ పని మానుకుంటుంది. పోడులో కలుపు తీసే రోజులవి, తీయకపోతే పంట పోతుంది. వారం గడిచి ఇంటికి వస్తారు. రెండు నెలలకు మళ్ళీ మొదలు.

ఈ ఖర్చుకు రసీదు ఉండదు. మందు చీటీలో రాదు, బిల్లులో రాదు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకం తొలిసారి మొదలైన మూడు జిల్లాల్లో మా శ్రీకాకుళం ఒకటి. పెద్ద ఆపరేషన్లకు ఆస్తులు అమ్ముకునే దుస్థితిని అది చాలావరకు తప్పించింది. అందులో సందేహం లేదు. అయితే ఆసుపత్రి పంపిన బిల్లును తీర్చే పథకం, బిల్లులేని ఖర్చును తీర్చలేదు. 2019 డిసెంబరులో, చికిత్స తర్వాత విశ్రాంతి తీసుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున ఇచ్చే ఏర్పాటు చేసినప్పుడు, పోయిన కూలి కూడా వైద్య ఖర్చేనని ఒక ప్రభుత్వం ఒప్పుకున్నట్టయింది. నా దృష్టిలో ఆ ఒప్పుకోలు రూపాయల కన్నా విలువైనది.

కొడవలి జబ్బు విషయంలో అటువంటి గుర్తింపులు మరి రెండున్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టంలో రక్తవ్యాధుల ఊసే లేదు. 2016 చట్టం హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ మూడింటినీ వైకల్యాలుగా గుర్తించింది. 2020 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను మొదలుపెట్టింది. కొండ మీది కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు. డోలీ ఖర్చు, దాత ఖర్చు, పోయిన కూలి, అన్నిటికీ కలిపి చేతికి అందే సొమ్ము అదొక్కటే. కానీ పింఛను రావాలంటే ముందు జబ్బుకు పేరుండాలి. పేరు ఉండాలంటే పరీక్ష జరగాలి. నొప్పులకు మాత్రలు, పచ్చబారిన కళ్ళకు కామెర్ల పసరు, నీరసానికి బలం సూదులు అంటూ ఏళ్ళు గడిపిన పిల్లకు జబ్బు ఉంది, పేరు లేదు. పేరులేని జబ్బుకు ఏ కార్యాలయంలోనూ దరఖాస్తు ఉండదు.

అప్పు మాటకు వస్తే ఈ ప్రాంతానికి వేరే చరిత్ర ఉంది. షావుకార్ల అప్పుల కింద గిరిజనుల భూములు జారిపోవడమే 1960లలో శ్రీకాకుళం కొండలు రగలడానికి ఒక ముఖ్య కారణం. 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధన, మనం 1/70 అని పిలుచుకునేది, ఆ భూములు గిరిజనేతరులకు పోకుండా అడ్డుగోడ కట్టింది. ఆ గోడ ఉండి తీరాలి. అయితే దాని నీడలో ఒక చిక్కు ఉంది. మైదానంలో రైతు బిడ్డకు జబ్బు చేస్తే అరెకరం అమ్ముతాడు. కొండ మీద రైతుకు కొనేవారు తక్కువ, భూమి తాకట్టుకు పెద్ద రుణం పుట్టదు. అందువల్ల ముందు మేకలు పోతాయి, తర్వాత ఇంకా చెట్టు మీదే ఉన్న జీడిపిక్కలూ చింతపండూ అయినకాడికి అమ్ముడవుతాయి, ఆ తర్వాత పెద్దపిల్లాడి చదువు ఆగుతుంది. భూమి ఇంటి పేరునే ఉంటుంది. ఇల్లు మాత్రం ఖాళీ అవుతుంది.

ఇక ఏ లెక్కకూ అందని భారం ఒకటి మిగిలింది. అది తల్లి మీద పడే నింద. రెండో బిడ్డకూ అదే జబ్బని తేలేసరికి కోడలి రక్తం మంచిది కాదన్న మాట పుట్టుకొస్తుంది. శాస్త్రం చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. సరిగ్గా సగం సగం. ఈ ఒక్క వాక్యం ప్రతి గూడెంలో సవరలోనూ, కువిలోనూ, తెలుగులోనూ వినిపిస్తే ఎన్ని కాపురాలు నిలుస్తాయో!

2023 జూలై 1న కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించింది. 17 రాష్ట్రాలలో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. పరీక్ష చేసినవారికి కార్డులిస్తారు, పెళ్ళికి ముందు వధూవరులు కార్డులు చూసుకోవచ్చు. మంచి ఆలోచనే. కానీ చరిత్ర ఇక్కడ ఒక హెచ్చరిక చేస్తోంది. 1960లలో గ్రీసులోని ఆర్కోమెనోస్ అనే పల్లెలో ఇలాగే అందరికీ పరీక్షలు చేసి, ఫలితాలు చేతికిచ్చారు. పెద్దలు సంబంధాలు కుదిర్చే ఊరది. కొన్నేళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే, వాహకులు చిన్నచూపుకు గురయ్యారు. కొందరు ఆ సంగతి దాచిపెట్టి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాహకులకూ వాహకులకూ జరిగే పెళ్ళిళ్ళు ఏమీ తగ్గలేదు. 1970లలో అమెరికాలో నిర్బంధ పరీక్షల తర్వాత, ఏ జబ్బూ లేని వాహకులు కూడా బీమాలోనూ ఉద్యోగాలలోనూ వివక్షకు గురయ్యారు. మన దగ్గర ఆ కార్డు మొదట ఎవరికి అడ్డమవుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కరలేదు. పెళ్ళీడు ఆడపిల్లకే. వాహకుడు రోగి కాడు, వాహకుడు కానివారిని చేసుకుంటే బిడ్డలకు ఈ జబ్బు రాదు అన్న విషయం కార్డుకన్నా ముందు గూడేనికి చేరాలి.

ఇంతకీ నేను అనేది ఒక్కటే. మన్యం కుటుంబానికి ఈ జబ్బు ఖరీదంటే దూరం, పోయిన పనిదినాలు, పేరు తెలియని ఏళ్ళు, తల్లి మోసే నింద. వీటిలో ఏ ఒక్కటీ పద్ధెనిమిది కోట్ల మందుతో తీరేది కాదు. దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో పరీక్ష, అక్కడే ప్రతి నెలా క్యాప్సూళ్ళు, వర్షాకాలంలోనూ నడిచే రోడ్డు, దాతను వెంటబెట్టుకు రమ్మనకుండా రక్తం, చేతికి వేళకు అందే పింఛను ఉంటే చాలావరకు తీరుతుంది. ఇవన్నీ ఇప్పటికే మన ప్రభుత్వాల కాగితాల మీద ఉన్నవే.

మీలో చాలామంది ఇళ్ళలో ఉపాధ్యాయులున్నారు. కొందరు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసినవారు. అక్కడ ఒక పిల్లో పిల్లాడో మాటిమాటికీ కీళ్ళు నొప్పులంటూ, కళ్ళు పచ్చబడి, ఆటలకు రాకుండా మూల కూర్చుంటే బద్ధకమని అదిలించే ముందు ఒకసారి రక్తపరీక్షకు పంపమని వారికి చెప్పండి. పరీక్షలో తేలితే ఆ ఇంటివాళ్ళకు పింఛను దరఖాస్తు రాసిపెట్టమని కూడా చెప్పండి. ఆ దరఖాస్తు రాయడం వచ్చినవారు ఆ గూడెంలో చాలాసార్లు బడిపంతులు ఒక్కరే ఉంటారు.